కొత్త కస్టమర్‌కు మన మీద నమ్మకం ఎట్లా కుదురుతుంది?

హన్మకొండ ఏసీ మెకానిక్:
అన్నలూ, నేను హన్మకొండలో ఏసీ, ఫ్రిజ్ రిపేర్లు చేస్తా. ఇంతకుముందు సర్వీస్ సెంటర్‌లో ఉన్నా, ఇప్పుడు సొంతంగా తిరుగుతున్నా. పని వచ్చు, కానీ తలుపు తీసేటప్పుడే వాళ్ల చూపులో అనుమానం కనిపిస్తుంది. కెపాసిటర్ (మోటార్ స్టార్ట్ కావడానికి సాయపడే పార్టు) పోయిందంటే "పోయిన నెల ఒకాయన గ్యాస్ అని మూడు వేలు పట్టుకపోయిండు, ఇప్పుడు నువ్వు ఇంకోటి అంటున్నవ్" అంటారు. ఎవరో చేసినదానికి నేను జవాబు చెప్పుకోవాల్సి వస్తోంది. రేటు తగ్గించి చూశా, అనుమానం ఇంకా పెరిగింది. మీరెట్లా నెట్టుకొచ్చారు?

కాజీపేట సీనియర్:
తమ్ముడూ, ముందు రేటు తగ్గించుడు ఆపు. మెయిన్ ఆఫ్ చేసి, కెపాసిటర్‌లో మిగిలిన కరెంట్ తీసేసి, అంటే డిశ్చార్జ్ చేసి (చూపించే తొందరలో ఇది మరవకు), మీటర్ పెట్టి కస్టమర్‌ను దగ్గరికి పిలువు. కెపాసిటర్ మీద 45 అని రాసి ఉంటుంది, పాడైతే మీటర్‌లో 28 వస్తుంది, ఆ రెండు నంబర్లు ఆయనే చదివినంక ఇంక బేరమాడడు. పాత పార్టు వాళ్ల చేతిలోనే పెట్టు.

గ్యాస్ దగ్గర మాత్రం కచ్చితంగా ఉండు. అది బండిలో పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. లీక్ పట్టకుండా గ్యాస్ కొట్టిపోతే కొన్నాళ్లకు మళ్లీ అదే గొడవ, నీ పేరు పోతుంది. రాగి పైపులు బిగించే ఫ్లేర్ నట్ దగ్గర సబ్బు నురగ పెట్టి, బుడగలొస్తుంటే ఫోన్‌లో వీడియో తీసి చూపించు. లీక్ బంద్ చేసి, వాక్యూమ్ పెట్టి పైపుల్లో గాలి తీసేసి, తూకం వేసి నింపు. ఎన్ని గ్రాములు పట్టాలో ఔట్‌డోర్ యూనిట్ స్టిక్కర్ మీదే ఉంటుంది, అది కూడా వాళ్లతో చదివించు.

సుబేదారి నుంచి:
నేను మెకానిక్‌ను పిలిచే మనిషిని, మీటర్లు నాకు తెలియవు. పదకొండుకు వస్తానని సాయంత్రం దాకా ఫోన్ ఎత్తకపోతే నా నమ్మకం అప్పుడే పోతుంది. పగటిపూట ఇంట్లో నేను, మా అత్తమ్మ ఇద్దరమే ఉంటాం, ఎవరిని పడితే వాళ్లను లోపలికి రానియ్యలేం కదా. మాకొక పిల్లగాడు వస్తాడు, బయల్దేరే ముందు ఫోన్ చేస్తాడు, విప్పకముందే ఎంతవుతుందో చెప్తాడు. ఇంకొకాయన కొత్తది కొనమన్న గీజర్ చూసి "ఎలిమెంట్ మంచిగనే ఉందక్కా, సున్నం పట్టింది, గీకితే చాలు" అన్నాడు. ఇప్పుడు మా వాడకట్టులో అందరూ అతన్నే పిలుస్తున్నారు.

ములుగు రోడ్ ఎలక్ట్రీషియన్:
చూపించడం మంచిదే కానీ మే నెలలో పని మీద పని ఉంటే ప్రతి ఇంట్లో అంతసేపు నిలబడలేం. నేనైతే కాగితం మీద పార్టు ధర వేరే, కూలి వేరే, వారంటీ ఎన్నాళ్లో రాసి సంతకం పెట్టిస్తా. అసలు సంగతి తర్వాత ఉంది: మళ్లీ పాడైందని ఫోన్ వస్తే చాలామంది ఎత్తరు. కొత్త పని ఆపి అయినా సరే, ముందు ఆ ఇంటికి పో.

హన్మకొండ ఏసీ మెకానిక్:
థాంక్స్ అన్నా, థాంక్స్ అక్కా. ఇంకొక్కటి, పోయి చూస్తే రిమోట్ ఫ్యాన్ మోడ్‌లో ఉంటుంది, అంతే. అప్పుడు విజిటింగ్ చార్జ్ అడగాలా వద్దా?

కాజీపేట సీనియర్:
అడుగు. హసన్‌పర్తి దాకా పోతే పెట్రోల్ ఎవరిస్తారు? కాకపోతే ఎంతో ఫోన్‌లోనే చెప్పి బయల్దేరు, రిమోట్ సంగతి కూడా ఫోన్‌లోనే అడిగి చూడు. పోయినంక ఫిల్టర్లు కడిగిపెట్టి, రూమ్ చల్లబడేదాకా ఉండి రా.