నీరసానికి బి-కాంప్లెక్స్ మాత్ర: శక్తినిస్తుందా, ఇవ్వదా?

గోదావరి గట్టు:
బి-కాంప్లెక్స్‌తో శక్తి వస్తుందన్నది వట్టి నమ్మకమని నిన్న ఇక్కడ ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. అన్నంలోని పిండిపదార్థం శక్తిగా మారాలంటే థయమిన్, అంటే బి1 విటమిన్, ఉండి తీరాలి. పాలిష్ పట్టిన తెల్ల బియ్యాన్ని మూడు నీళ్లు కడిగి, గంజి వార్చి తినే ఇళ్లలో అది ఎంత మిగులుతుంది? చవకైన మాత్ర. వేసుకుంటే నష్టమేమిటి?

జీవరసాయనం:
గట్టు గారూ, థయమిన్ ఉండి తీరాలన్నది నిజమే. అలాగని మాత్ర మింగితే శక్తి పెరుగుతుందనడం మాత్రం నిలవదు. థయమిన్ కణంలో థయమిన్ పైరోఫాస్ఫేట్‌గా మారి, కోఎంజైముగా, అంటే ఎంజైముకు తోడు అణువుగా, పనిచేస్తుంది. గ్లూకోజు విరిగి పైరువేట్ అనే చిన్న అణువు అయ్యాక, మైటోకాండ్రియాలో (కణంలో శక్తి తయారయ్యే చోట) దాన్ని తర్వాతి మెట్టయిన అసిటైల్ కోఎంజైమ్-ఎగా మార్చే ఎంజైము ఇది లేకుండా కదలదు. అయితే ఆ చర్యలో ఇది ఖర్చయిపోదు. పైరువేట్ నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను విడగొట్టి, మిగిలిన ముక్కను పక్కకు అందించి, మళ్లీ మొదటి రూపానికే వస్తుంది. వెంటనే ఇంకో పైరువేట్‌ను పట్టుకుంటుంది. అందుకే రోజుకు ఒక మిల్లీగ్రాము పైచిలుకు చాలు. ఎంజైములకు కావలసినంత అందాక పది రెట్లు మింగినా ఏటీపీ, అంటే కణం తన పనులకు వాడుకునే శక్తి అణువు, పెరగదు. మిగిలిన థయమిన్ మూత్రంలో పోతుంది. మాత్ర వేసుకున్నాక మూత్రం ముదురు పసుపుగా రావడం అందులోని రైబోఫ్లావిన్ (బి2) వల్లే. బలం పట్టిందనడానికి అది గుర్తు కాదు.

వార్డు నర్సు:
లోపం ఉన్నచోట మాత్రం ఆలస్యం పనికిరాదు. తాగుడు అలవాటుండి, రోజుల తరబడి తిండి లేక నీరసించి వచ్చినవారికి గ్లూకోజు కంటే ముందు థయమిన్ ఎక్కిస్తాం. ముందే గ్లూకోజు పెడితే ఉన్న కాస్త థయమిన్ చాలక మెదడును దెబ్బతీసే వెర్నికె వ్యాధి ముదరవచ్చు: కళ్లు సరిగా కదలవు, నడక తూలుతుంది, మతి స్థిమితం తప్పుతుంది.

గోదావరి గట్టు:
నేనూ అదే అంటున్నాను. ఉత్తర కోస్తాలో ఒకప్పుడు బి1 లోపంతో వచ్చే బెరిబెరి జబ్బు ఉండేది. వడ్లు ఉడకబెట్టి దంచిన ఉప్పుడు బియ్యంలో బి1 గింజ లోపలికి ఇంకి నిలుస్తుంది. ఇప్పుడు దాన్ని తినేవారెందరు?

జీవరసాయనం:
అయితే ఉప్పుడు బియ్యం తిందాం, గంజి పారబోయకుండా అత్తెసరు వండుకుందాం. నేను కాదనేది రోగమేమిటో చూడకుండా మాత్ర ఇవ్వడాన్ని. రక్తహీనత, థైరాయిడ్, మధుమేహం కూడా మొదట నీరసంగానే కనిపిస్తాయి. మాత్రతో నెలలు నెట్టుకొస్తే అవి లోపలే ముదురుతాయి. నష్టమేమిటని అడిగారు కదా: ఈ మాత్రల్లో ఉండే బి6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే కాళ్ల నరాలు దెబ్బతిని తిమ్మిర్లు వస్తాయి.