రిజిస్టర్ అయిన వీలునామాను ఆన్‌లైన్‌లో ఎక్కడ మార్చాలి? అర్జెంట్

చిన్నోడు88:
పొద్దున్నుంచి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ ముందే కూర్చున్నా. బుర్ర వేడెక్కిపోయింది. వీలునామా అప్‌డేట్ చేయాలి. లాగిన్ అయ్యా, డాక్యుమెంట్ నంబరు కొట్టా, సంవత్సరం కొట్టా, ఏమీ రావట్లేదు. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) తీసి చూస్తే అందులోనూ లేదు! అంటే అసలు రిజిస్టరే కాలేదా? ముద్రలు, నంబరు అన్నీ ఉన్న కాగితం నా చేతిలోనే ఉంది మరి. ఎడిట్ ఆప్షన్ ఎక్కడుందో తెలిసినవాళ్లు చెప్పండి. పాత ఇల్లు తీసేసి కొత్త ఫ్లాట్ చేర్చాలి, బ్యాంకు వివరాలు మారాయి, మా పాప పేరు కూడా ఎక్కించాలి. అంతే, పెద్ద పనేం కాదు. దయచేసి "లాయర్‌ని కలవండి" అని మాత్రం అనకండి.

ఒకేమాట:
ఎడిట్ ఉండదు. కొత్తది రాయాలి.

చిన్నోడు88:
ఒక్క ఇల్లు మారినందుకు మొత్తం మళ్లీనా?

ఒకేమాట:
అవును.

లెక్కలమాస్టారు:
బ్యాంకు వివరాలు అన్నారు కాబట్టి చెబుతున్నా. ముందు నామినీలు సరిచూసుకున్నారా? ఎవరూ పట్టించుకోని విషయం ఇదే. వీలునామా ఎంతో జాగ్రత్తగా రాయించి, ఎఫ్‌డీకి మాత్రం ఎప్పుడో పెట్టిన నామినీనే ఉంచేస్తారు. ఆ నామినీ చనిపోయి ఉన్నా సరే. నామినీ అంటే యజమాని కాదండీ. డబ్బు అందుకుని వారసులకు అప్పజెప్పాల్సిన మనిషి, అంతవరకే. ఎల్‌ఐసీ పాలసీ మీద సుప్రీంకోర్టు 1984లోనే ఈ మాట చెప్పింది. షేర్ల మీద 2023 డిసెంబరులో మళ్లీ అదే చెప్పింది. బీమాకి మాత్రం 2015 సవరణతో చిన్న తేడా వచ్చింది: భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే ఆ సొమ్ము వాళ్లకే చెందుతుందని చట్టంలో చేర్చారు. ఇక 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో కూడా రాయొచ్చు. లాకరుకు మాత్రం శాతాలు కుదరవు, ఒకరి తర్వాత ఒకరే. పీఎఫ్ సంగతి ఇంకో కథ. పెళ్లికి ముందు ఎవరో ఒకరి పేరు రాసి, పెళ్లయ్యాక మార్చకపోతే ఆ నామినేషన్ చెల్లదు...

చిన్నోడు88:
సార్, నేను అడిగింది వీలునామా గురించి.

లెక్కలమాస్టారు:
నేను చెప్పేదీ దాని గురించే బాబూ. వీలునామాలో ఎఫ్‌డీ కూతురికి, నామినీ ఏమో కొడుకు. అక్కడే మొదలవుతాయి గొడవలు. రెండూ ఒకేసారి సరిచేయాలి.

కోర్టుపక్షి:
ఈసీలో కనపడలేదని కంగారు పడకండి. కనపడదు. అమ్మకాలు, తనఖాలు లాంటివి రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకటో పుస్తకంలో ఎక్కుతాయి, ఈసీ దాని నుంచి వస్తుంది. వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి. రాసినాయన బతికి ఉన్నంతకాలం ఆయనకు గానీ, ఆయన ఏజెంటుకు గానీ తప్ప ఎవరికీ దాని నకలు ఇవ్వరు. చనిపోయాక ఎవరు అడిగినా ఇస్తారు. ఆన్‌లైన్‌లో దొరక్కుండా ఉండటమే మంచిది, లేకపోతే ఇంట్లో ప్రతివాడూ వెతుకుతాడు.

ఇంతకీ ఈ వీలునామా ఎవరిది?

చిన్నోడు88:
మా నాన్నగారిది. చెప్పలేదా?

సింధూరి:
లేదండీ. నేను మీదే అనుకున్నాను. ఆయన ఉన్నారా మరి?

చిన్నోడు88:
ఉన్నారు మేడం, పక్క గదిలో టీవీ చూస్తున్నారు. ఉన్నారు కాబట్టే కదా మార్చాలంటున్నా.

ఒకేమాట:
మరి మార్చడానికి నువ్వెవరు?

చిన్నోడు88:
కొడుకుని! ఆయనే అడిగారు. కళ్లు సరిగ్గా కనపడవు, మెట్లు దిగలేరు, అందుకని నేను చూస్తున్నా. ఇక్కడ కూడా నిందలేనా?

సింధూరి:
నింద కాదండీ. రేపు కోర్టులో ఎవరైనా వేసే మొదటి ప్రశ్న కూడా అదే. లాభపడే కొడుకే కూర్చుని రాశాడు, ఆయన చూడలేరు, చదవలేరు అంటే అనుమానం మొదలైనట్టే. ఆయన చెబుతుంటే బయటివాళ్లు ఎవరైనా రాయాలి. రాసింది ఆయనకు చదివి వినిపించినట్టు అందులోనే ఉండాలి. డాక్టరు సర్టిఫికెట్ తప్పనిసరి కాదు గానీ, ఈ పరిస్థితిలో నేనైతే అదే రోజు తేదీతో తీసుకుని జత చేస్తాను.

కోర్టుపక్షి:
సరిగ్గా చెప్పారు. పద్ధతి ఇదీ. "ఇంతకుముందు ఫలానా తేదీన రాసిన వీలునామాను రద్దు చేస్తున్నాను, ఇదే నా ఆఖరు వీలునామా" అని మొదట్లోనే రాసి కొత్తది తయారు చేయాలి. నాన్నగారి సంతకం లేదా వేలిముద్ర పడాలి. ఆయన సంతకం చేస్తుంటే చూసినవాళ్లు, లేదా "ఇది నా సంతకమే" అని ఆయన నోట విన్నవాళ్లు ఇద్దరు సాక్షులు, వాళ్లు కూడా ఆయన ఎదురుగానే సంతకాలు పెట్టాలి. స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం. కానీ పాతది రిజిస్టర్ అయింది కాబట్టి కొత్తదీ చేయించండి. మెట్లు దిగలేరు అంటున్నారు కదా, 1908 రిజిస్ట్రేషన్ చట్టంలో 31వ సెక్షన్ ఉంది. తగిన కారణం చూపి దరఖాస్తు పెడితే అధికారే ఇంటికి వచ్చి చేస్తారు.

చిన్నచిన్న మార్పులకైతే కోడిసిల్ అని వీలునామాకు అనుబంధం రాసుకోవచ్చు. దానికీ ఇద్దరు సాక్షులు కావాలి. మీ జాబితాకు అది చాలదు. పాత కాగితం మీద కొట్టివేతలు, దిద్దుబాట్లు మాత్రం వద్దు. అలా దిద్దితే ఆ దిద్దుబాటుకి కూడా సంతకం, సాక్షులు ఉండాలి. లేకపోతే చెల్లదు.

చిన్నోడు88:
రిజిస్టర్ అయినదాన్ని రిజిస్టర్ కానిదానితో రద్దు చేయలేమని దస్తావేజులు రాసేవాళ్లు చెప్పారే?

కోర్టుపక్షి:
తప్పు. ఆఖరున రాసిందే నిలుస్తుంది, రిజిస్టర్ అయినా కాకపోయినా. కాకపోతే తర్వాతిది సరిగ్గా రుజువు కావాలి. అంతమాత్రాన రిజిస్టర్ చేస్తే ఇక తిరుగుండదని కూడా అనుకోకండి. ఎలా చూసినా సాక్షుల్లో ఒకరైనా కోర్టుకు వచ్చి చెప్పాల్సిందే. అందుకే సాక్షులుగా నాన్నగారి ఈడువాళ్లను కాకుండా వయసులో చిన్నవాళ్లను పెట్టండి. ఈ వీలునామాలో వాటా వచ్చేవాళ్లు వద్దు. హిందువులకు దానివల్ల వీలునామా రద్దు కాదు గానీ అనుమానం వస్తుంది. క్రైస్తవులకైతే సాక్షికి గానీ, సాక్షి భార్యకు లేదా భర్తకు గానీ రాసిన భాగం చెల్లనే చెల్లదు. ముస్లింలకు ఇంకా వేరు, వారసుల సమ్మతి లేకుండా మూడో వంతు మించి వీలునామా రాయడానికి లేదు. మీరు ఎవరో చెప్పలేదు, హిందువులనే అనుకుని రాస్తున్నా.

చిన్నోడు88:
అవును, హిందువులమే.

వేపచెట్టు:
ఈ వీలునామాల గోలెందుకు అన్నా? గిఫ్ట్ డీడ్ చేయించుకో, పని అయిపోతుంది. బతికుండగానే నీ పేరు మీదకి వచ్చేస్తుంది. వీలునామా అయితే ఆయన రేపు మళ్లీ మార్చేయొచ్చు.

సింధూరి:
మార్చుకోగలగడమే వీలునామాలో ఉన్న మంచి. ఆ పెద్దాయన ఉంటున్న ఇల్లు అది.

వేపచెట్టు:
కొడుకు బయటికి గెంటేస్తాడా ఏంటి? అందరినీ అలాగే చూస్తారు మీరు.

సింధూరి:
ఈయన సంగతి కాదు, అందరి కోసం చెబుతున్నా. గిఫ్ట్ రిజిస్టర్ అయిన క్షణం నుంచి ఆస్తి చేయి దాటిపోతుంది. వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది, చూసుకుంటామన్న షరతుతో రాయించుకుని చూసుకోకపోతే ట్రిబ్యునల్ ఆ గిఫ్టును రద్దు చేయొచ్చు. కానీ ఆ వయసులో ట్రిబ్యునల్ చుట్టూ తిరగడం ఎవరికి ఇష్టం? పైగా గిఫ్టుకి స్టాంపు డ్యూటీ కట్టాలి, వీలునామాకు అది ఉండదు.

వేపచెట్టు:
సరే మేడం, మీ ఇష్టం. మా ఇంట్లో గిఫ్ట్ డీడే, ఏ గొడవా రాలేదు.

ఒకేమాట:
ఇంకా రాలేదు.

లెక్కలమాస్టారు:
గిఫ్టు ఇచ్చినా నామినీలు మార్చాలి. అది మర్చిపోవద్దు.

చిన్నోడు88:
కొట్టుకోకండి. నా సందేహం ఇంకొకటి. పాత ఇల్లు అమ్మేసి ఆ డబ్బుతోనే ఫ్లాట్ కొన్నాం. పాత వీలునామాలో ఇల్లు నా పేరునే ఉంది. అంటే ఏమీ మార్చకపోయినా ఫ్లాట్ నాకే వచ్చేస్తుంది కదా?

కోర్టుపక్షి:
రాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఫలానా డోర్ నంబరు ఇల్లు అని రాశాక ఆ ఇల్లు ఆయన బతికుండగానే అమ్ముడైపోతే వీలునామాలో ఆ భాగం అక్కడితో సరి. దాని డబ్బుతో కొన్నదే అయినా ఫ్లాట్ ఆ స్థానంలోకి దానంతట అది రాదు. "ఇవి కాక నాకు మిగిలిన, ఇకముందు వచ్చే ఆస్తులన్నీ ఫలానావారికి" అని చివర్లో ఒక వాక్యం ఉందేమో చూడండి. ఉంటే ఫ్లాట్ ఆ ఫలానావారికి పోతుంది. లేకపోతే ఫ్లాట్ వరకు వీలునామా లేనట్టే లెక్క. అమ్మగారు, మీరు, మీ తోబుట్టువులు, నాన్నగారి తల్లి ఉంటే ఆమె కూడా, తలా ఒక సమాన వాటా. కొత్తదాంట్లో ఆ వాక్యం తప్పకుండా పెట్టించండి. ఫ్లాట్ ఎవరి పేరున కొన్నారు?

చిన్నోడు88:
అమ్మానాన్నల ఇద్దరి పేరునా.

కోర్టుపక్షి:
ఇది కూడా ఇప్పుడు చెబుతున్నారు. అయితే నాన్నగారు తన వాటాకే రాయగలరు. అమ్మగారి వాటాకు ఆవిడ వేరే వీలునామా రాయాలి.

సింధూరి:
పాప పేరు అన్నారు. మైనరు అయితే ఆమె పెద్దయ్యేదాకా ఆ ఆస్తి ఎవరు చూస్తారో కూడా రాయించండి. ఎగ్జిక్యూటర్‌గా కూడా ఒకరి పేరు ఉంటే మంచిది. వీలునామా ప్రకారం పంచే పని ఆ మనిషిది.

చిన్నోడు88:
థాంక్స్ మేడం. ఇంకొక్కటే. తాతగారి పొలం కూడా పాతదాంట్లో నాకే రాసి ఉంది, దాన్ని అలాగే ఉంచేస్తాం. అక్కకి పెళ్లప్పుడే ఇవ్వాల్సింది ఇచ్చేశాం కాబట్టి సమస్య లేదు.

ఒకేమాట:
సమస్య అదే.

వేపచెట్టు:
అయిపోయింది. పిత్రార్జితం. అక్కకి సగం.

కోర్టుపక్షి:
తాత నుంచి వచ్చిందల్లా పిత్రార్జితం కాదు.

వేపచెట్టు:
తాత ఆస్తి పిత్రార్జితం కాకపోతే మరింకేది? ఊరందరూ అనేది తప్పా?

కోర్టుపక్షి:
ఊరు అనేది వేరు, చట్టం చూసేది వేరు. తాతగారు సొంత సంపాదనతో కొన్న పొలం, 1956 తర్వాత ఆయన వీలునామా లేకుండా పోతే హిందూ వారసత్వ చట్టం ఎనిమిదో సెక్షన్ కింద నాన్నగారికి వచ్చినది, నాన్నగారి సొంత ఆస్తే. సుప్రీంకోర్టు 1986లో చందర్ సేన్ కేసులో ఇదే చెప్పింది. తాతగారు వీలునామాతోనో గిఫ్టుతోనో ఇచ్చి ఉంటే ఆ కాగితంలో ఆయన ఉద్దేశం ఏమిటో చూడాలి. అలా కాకుండా ముత్తాతల నుంచి వస్తున్న ఉమ్మడి ఆస్తి పంపకాల్లో నాన్నగారి వాటాకు వచ్చింది అయితే అందులో పిల్లలకు పుట్టుకతోనే హక్కు. 2005 సవరణతో కూతురికీ అంతే, పెళ్లయిందా లేదా అన్నదానితో పనిలేదు. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమం కూడా లేదని 2020లో వినీతా శర్మ కేసులో తేలిపోయింది. అప్పుడు నాన్నగారు తన వాటా మాత్రమే వీలునామాలో రాయగలరు, మొత్తం పొలం కాదు.

వేపచెట్టు:
మరి నేను చెప్పిందీ అదే కదా.

కోర్టుపక్షి:
కాదు. మీరు అక్కకి సగం అన్నారు. నాన్నగారి వాటా ఎటు పోయింది?

చిన్నోడు88:
అక్కకి ఏ అభ్యంతరమూ లేదు. ఎక్కడ అడిగితే అక్కడ సంతకం పెడుతుంది. ఇప్పుడే "నాకేమీ వద్దు" అని రాయించుకుంటే సరిపోదా?

సింధూరి:
అదీ పొలం ఎలా వచ్చిందన్నదాని మీదే ఉంది. ఉమ్మడి ఆస్తి అయితే తన హక్కును రిజిస్టర్ విడుదల దస్తావేజుతో వదులుకోవచ్చు. నాన్నగారి సొంత ఆస్తి అయితే ఆవిడకు ఇవాళ హక్కే లేదు. రేపు వస్తుందేమో అన్న ఆశను రాసివ్వడానికి చట్టం ఒప్పుకోదు, ఆ కాగితం దేనికీ పనికిరాదు. అప్పుడు వీలునామా ఒక్కటే దారి. అక్కకు ఎందుకు ఇవ్వడం లేదో నాన్నగారి మాటల్లోనే ఒక వాక్యం ఉండాలి. ఏ వివరణా లేకుండా ఒక బిడ్డ పేరు వదిలేస్తే దాన్నే పట్టుకుంటారు. ఇంతకీ అక్కను మీరు అడిగారా, నాన్నగారు అడిగారా?

చిన్నోడు88:
అడగాలి.

లెక్కలమాస్టారు:
పొలానికి నామినీ ఉండదు. అందుకే నాకు బ్యాంకు డిపాజిట్లే ఇష్టం.

కోర్టుపక్షి:
పొలం తాతగారికి ఎలా వచ్చింది, ఆయన నుంచి నాన్నగారికి ఎలా వచ్చింది, ఆ దస్తావేజులు ముందు తీయండి. పాసు పుస్తకంలో నాన్నగారి ఒక్కరి పేరు ఉన్నంత మాత్రాన సొంత ఆస్తి అయిపోదు. అవి చేతిలో లేకుండా ఇక్కడ ఎంత వాదించుకున్నా లాభం లేదు. ఫ్లాటు, బ్యాంకు సంగతి మాత్రం పొలం కోసం ఆపకండి. పొలం సంగతి తేలాక కోడిసిల్ రాసుకోవచ్చు.

చిన్నోడు88:
నాన్నని అడిగా. పెదనాన్నతో పంపకాలు అయినప్పటి కాగితం ఒకటి ఉండాలట, ట్రంకు పెట్టెలో వెతకాలి. సరే, థాంక్స్ అందరికీ. అక్కతో కూడా మాట్లాడతాం.

వేపచెట్టు:
పంపకాల కాగితం అంటున్నాడు. ఇప్పుడు చెప్పండి కోర్టుపక్షి గారూ, పిత్రార్జితమా కాదా?

కోర్టుపక్షి:
తాతగారు కొన్న పొలాన్ని ఆయన పోయాక అన్నదమ్ములు పంచుకున్నా అది పంపకాల కాగితమే. కాగితం చదవకుండా చెప్పను.

ముత్యాలముగ్గు:
అందరికీ నమస్తే. మా అత్తగారి పేరున ఇల్లు ఉంది, వీలునామా లేదు, ఆవిడకి పిల్లలు లేరు, మా ఆయనని పెంచుకున్నారు. దీన్ని ఇక్కడే అడగొచ్చా, కొత్త పోస్టు పెట్టాలా?

ఒకేమాట:
కొత్త పోస్టు. దత్తత కాగితం ఉందో లేదో ముందే రాయండి.