ఆర్‌సీలో (రీడింగ్ కాంప్రహెన్షన్‌లో) ప్రశ్నలు ముందా, పాసేజ్ ముందా? రెండూ చేసి చూశాను, రెండిట్లోనూ మునిగాను

పల్నాటి_ప్యాసింజర్:
అందరికీ నమస్తే. మాది పల్నాడు. డిగ్రీ దాకా మొత్తం తెలుగు మీడియమే. ఇప్పుడు నంద్యాలలో రూమ్ తీసుకుని బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. ఐబీపీఎస్ పీఓ (బ్యాంకు ఆఫీసర్ ఉద్యోగాల పరీక్ష) ప్రిలిమ్స్‌లో, అంటే మొదటి దశలో, ఇంగ్లిష్ 30 ప్రశ్నలు, 20 నిమిషాలు. రీజనింగ్, మ్యాథ్స్ పర్వాలేదు. ఇంగ్లిష్ గ్రామర్ కూడా ఎలాగోలా లాక్కొస్తున్నాను. రీడింగ్ కాంప్రహెన్షన్, అంటే పాసేజ్ చదివి ప్రశ్నలకు జవాబులు పెట్టే భాగం దగ్గరికి రాగానే టెన్షన్ మొదలవుతుంది. పోయిన ఆదివారం మాక్‌లో (నమూనా పరీక్షలో) 8 ఆర్‌సీ ప్రశ్నలకు 8 పెట్టాను. 3 కరెక్ట్, 5 తప్పు. తప్పుకి పావు మార్కు కోత కాబట్టి చేతికి వచ్చింది 1.75. దానికి తగలేసిన టైమ్ 9 నిమిషాలు.

మా కోచింగ్‌లో సార్ "ముందు ప్రశ్నలు చదవండి, తర్వాత పాసేజ్‌లో జవాబు వెతకండి" అంటారు. నా రూమ్మేట్ పోయినేడు ప్రిలిమ్స్ దాటినవాడు. వాడేమో పాసేజ్ మొత్తం చదవకుండా ప్రశ్నల జోలికి పోవద్దంటాడు. రెండూ చేశాను. ప్రశ్నలు ముందు చదివితే ఐదోదానికి వచ్చేసరికి మొదటిది మర్చిపోతున్నాను. పాసేజ్ ముందు చదివితే రెండో పేరాకి వచ్చేసరికి మొదటి పేరాలో ఏముందో గుర్తుండట్లేదు. పరీక్షకు ఇంకా రెండు నెలలుంది. ఏది పట్టుకోమంటారు?

కౌంటర్_నంబర్_3:
తమ్ముడూ, ప్రశ్నలే ముందు. నాలుగేళ్లుగా బ్యాంకులో క్లర్కుగా చేస్తున్నాను, ఈ పద్ధతితోనే గట్టెక్కాను. లెక్క చూడు. 20 నిమిషాల్లో 30 ప్రశ్నలంటే ఒక్కోదానికి 40 సెకన్లు. పాసేజ్ 400 పదాలు ఉందనుకో. ఇంగ్లిష్ మాతృభాష అయిన పెద్దవాళ్లే మౌనంగా చదివితే సగటున నిమిషానికి 240 పదాల దగ్గర ఉంటారు. మనలాంటి వాళ్లం 150 చదివితే, ఒక్క జవాబు కూడా పెట్టకముందే 2 నిమిషాల 40 సెకన్లు అయిపోతాయి. అంటే నాలుగు ప్రశ్నల టైమ్.

అన్ని ప్రశ్నలూ గుర్తుపెట్టుకోవాలని నీకెవరు చెప్పారు? ఒక్కోటి తీసుకో. ముందు సినానిమ్, యాంటోనిమ్ (అదే అర్థం, వ్యతిరేక అర్థం ఉన్న మాట) ప్రశ్నలు. ఆ పదం ఉన్న వాక్యం, దాని ముందు వాక్యం చదివితే చాలు. తర్వాత పేరు, అంకె, సంవత్సరం అడిగినవి. ఈ రెండు రకాలూ అయ్యేసరికి పాసేజ్ సగం కళ్లబడిపోతుంది. మెయిన్ ఐడియా ప్రశ్న ఆఖరుకి. అప్పటికీ అర్థం కాకపోతే వదిలెయ్. సెక్షన్ కటాఫ్, అంటే ఆ విభాగంలో రావాల్సిన కనీస మార్కులు దాటడానికి ఎనిమిదికి ఎనిమిదీ అక్కర్లేదు.

చాక్‌పీస్:
31 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఇంగ్లిష్ చెప్పి రిటైరయ్యాను. బ్యాంకు పరీక్షలు నేను రాయలేదు, కానీ ఈ బాబు చెప్పిన ఇబ్బంది నాకు బాగా తెలుసు. "రెండో పేరాకి వచ్చేసరికి మొదటిది గుర్తుండట్లేదు" అన్నావు చూడు, అసలు జబ్బు అక్కడుంది. ప్రశ్నలు ముందు చదివినా వెనక చదివినా అది పోదు.

తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. ఇంగ్లిష్‌లో కర్త పక్కనే వచ్చేస్తుంది, మిగతా సరంజామా అంతా తర్వాత. తెలుగు మీడియం పిల్లలు ప్రతి వాక్యాన్నీ మనసులో తిప్పి తెలుగు వరుసలో పెట్టుకుంటారు. ఆ తిప్పడంలోనే ఓపిక అయిపోతుంది. వాక్యం అర్థమవుతుంది కానీ వాక్యానికీ వాక్యానికీ ఉన్న ముడి జారిపోతుంది.

నేను పిల్లలతో ఇలా చేయించేవాణ్ణి. ఒక పేరా చదవాలి. వేలు అక్కడ పెట్టి, కళ్లెత్తి, ఆ పేరా ఏం చెప్పిందో తెలుగులో ఐదారు మాటల్లో పైకి అనాలి. అనలేకపోతే చదవలేదనే లెక్క, మళ్లీ మొదటికి. మొదట్లో పేరాకి రెండు నిమిషాలు పట్టేది. నెల తిరిగేసరికి పైకి అనక్కర్లేకుండానే మనసులో పడిపోయేది. పరీక్షలో వేగం కావాలంటే ఇంట్లో నెమ్మదిగా చదవాలి బాబూ.

ఇంకొకటి. హవెవర్, ఆల్దో, డిస్పైట్, హార్డ్లీ లాంటి చిన్న మాటల దగ్గర ఆగు. "ఎ ఫ్యూ ఫార్మర్స్ బెనిఫిటెడ్" అంటే కొంతమంది రైతులకు మేలు జరిగిందని. "ఎ" తీసేసి "ఫ్యూ ఫార్మర్స్ బెనిఫిటెడ్" అంటే దాదాపు ఎవరికీ జరగలేదని. ఒక్క అక్షరం పోతే రచయిత పొగుడుతున్నాడో తిడుతున్నాడో మారిపోతుంది.

కౌంటర్_నంబర్_3:
మాస్టారూ, మీరంటే గౌరవమే. కానీ వేలు పెట్టి కళ్లెత్తి చెప్పుకోవడానికి ఆ కుర్రాడి దగ్గర ఉన్నది రెండు నెలలు. మాక్‌లో స్క్రీన్ మీద గడియారం పరిగెడుతుంటే ఈ సలహా పనికిరాదు.

మెట్లమీద_చదువు:
ఏ పరీక్ష అన్నది చూడకుండా వాదించుకుంటున్నారు. నేను హైదరాబాద్ అశోక్‌నగర్‌లో సివిల్స్‌కి చదువుతున్నాను. సీశాట్‌లో (సివిల్స్ ప్రిలిమ్స్ రెండో పేపర్‌లో) 80 ప్రశ్నలు, 2 గంటలు, 200 మార్కులు. 33 శాతం, అంటే 66 మార్కులు తెచ్చుకుంటే చాలు, ర్యాంకులో కలపరు. తప్పుకి మూడో వంతు కోత. పాసేజ్‌లు ఇంగ్లిష్‌లో, హిందీలోనే ఉంటాయి, తెలుగులో ఉండవు. చాలా పాసేజ్‌లు చిన్నవి, కింద ఒకటో రెండో ప్రశ్నలు. అక్కడ ప్రశ్న ముందు చూసినా పోయేదేం లేదు. కానీ ఆ ప్రశ్న ఏమడుగుతుంది? రచయిత చెప్పకుండా ముందే అనుకున్నది ఏమిటి, పాసేజ్ నుంచి తేలే సారం ఏది అని. దానికి వెతకడానికి పదమే దొరకదు. ప్రతి మాటా చదవాల్సిందే. కౌంటర్ అన్న పద్ధతితో నేను ఒక ఏడాది పోగొట్టుకున్నాను.

మంచు_ఊరు:
ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష) వైపు నుంచి ఒక మాట. నేను నర్సుని. ఖమ్మం నుంచి వచ్చి ఇప్పుడు ఇంగ్లండ్‌లో పనిచేస్తున్నాను. రీడింగ్‌లో 3 పాసేజ్‌లు, 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. ఖాళీలు పూరించే ప్రశ్నలకు నాకు ప్రశ్న ముందు చూడటమే పనిచేసింది, ఎందుకంటే వాటి జవాబులు మామూలుగా పాసేజ్‌లో అదే వరుసలో వస్తాయి. వెనక్కీ ముందుకీ తిరగక్కర్లేదు.

నన్ను ఏడిపించింది ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్. పాసేజ్ దానికి విరుద్ధంగా చెబితే ఫాల్స్. అసలు చెప్పకపోతే నాట్ గివెన్. వినడానికి ఇంతే. కానీ ఆసుపత్రి గురించి పాసేజ్ వస్తే, నాకు డ్యూటీలో తెలిసిన సంగతులన్నీ అందులో ఉన్నట్టే అనిపించేది. నాకు బాగా తెలిసిన విషయం మీదే ఎక్కువ తప్పులు పోయాయి. ఈ సంగతి ఎవరూ ముందు చెప్పలేదు.

చాక్‌పీస్:
అమ్మాయి చెప్పింది బంగారం లాంటి మాట. దీన్ని చేసి చూద్దాం. ఇప్పుడే ఒక పేరా రాశాను.

"1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టాలో వరి సాగు విస్తరించింది. వాన మీదే ఆధారపడిన పొలాలకు కాలువ నీళ్లు వచ్చాయి. అయితే కాలువ మొదట్లో ఉన్న పొలాలకు అందినంత తేలిగ్గా శివారు పొలాలకు నీరు అందలేదు. శివారు రైతు ఎదురుచూపు పూర్తిగా తీరలేదు."

ఈ పేరాను బట్టి కచ్చితంగా చెప్పగలిగేది ఏది?
అ) ఈ ఆనకట్టను ఆర్థర్ కాటన్ కట్టించాడు.
ఆ) ఆనకట్ట వల్ల డెల్టా రైతులందరికీ ఒకేలా మేలు జరిగింది.
ఇ) కాలువ నీటి లాభం పొలం ఉన్న చోటును బట్టి మారింది.
ఈ) ఆనకట్ట లేకపోతే శివారు రైతులు ఇంకా బాగుండేవారు.

పల్నాటి_ప్యాసింజర్:
నేను అ పెట్టాను మాస్టారూ. కాటన్ దొర కట్టించాడని చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఆ తర్వాత ఇ కూడా కరెక్టే అనిపించింది. రెండూ కరెక్ట్ అయితే ఏది పెట్టాలో తెలియలేదు. మాక్‌లోనూ నాకు ఎప్పుడూ ఇలాగే అవుతుంది, చివరికి రెండు మిగులుతాయి, తప్పుదే కొడతాను.

కౌంటర్_నంబర్_3:
నా పద్ధతిలో అ ఐదు సెకన్లలో ఎగిరిపోతుంది. "కాటన్" అన్న పేరు కోసం పేరాలో చూశాను, లేదు, అయిపోయింది. చూశారా మాస్టారూ, వెతకడం పనిచేసింది.

చాక్‌పీస్:
పనిచేసింది, ఒప్పుకుంటాను. మరి ఇ సంగతి? "లాభం" అన్న మాట పేరాలో లేదు. "చోటు" లేదు. "మారింది" లేదు. ఏ మాట పట్టుకుని వెతుకుతావు? "కాలువ" అని వెతికితే రెండు వాక్యాల్లో ఉంది. ఒకటి మేలు చెబుతోంది, ఇంకొకటి కొరత చెబుతోంది. మొదటిదాని దగ్గరే ఆగిన పిల్లవాడు ఆ) పెడతాడు. "అయితే" దగ్గర వేలు పెట్టినవాడు మాత్రమే ఇ దాకా వస్తాడు.

బాబూ, అ నిజమే. లోకంలో నిజం, ఈ పేరాలో లేదు. నువ్వు జవాబు చెప్పాల్సింది పేరాకి. ఈ) ఆప్షన్‌లో ఉన్నది రచయిత ఎక్కడా అనని పోలిక. శివారుకు తక్కువ అందింది అన్నాడు కానీ లేకపోతే బాగుండేది అనలేదు.

కౌంటర్_నంబర్_3:
సరే. పదం దొరికే ప్రశ్నలకు నాది, దొరకని వాటికి మీది. నేను ఆ రెండో రకం వదిలేసి గట్టెక్కాను. అందుకే అవి నాకు కనపడలేదేమో.

పేపర్_చదివేవాడు:
మీరంతా కొమ్మలు నరుకుతున్నారు. ఈ చిట్కాలన్నీ కలిపినా రెండు మార్కులు రావు. చదివే అలవాటు లేకపోతే ఏ పద్ధతీ నిలబెట్టదు. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు 64 మంది బడి పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. బేస్‌బాల్ ఆట గురించిన కథ చదివించారు. చదవడంలో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగి ఆట తెలియని పిల్లల కంటే ఆ కథను బాగా అర్థం చేసుకున్నారు. మన ఊళ్లో క్రికెట్ వార్త ఇంగ్లిష్ పేపర్లో వస్తే పదో తరగతి తప్పినవాడు కూడా చదివి చెప్పేస్తాడు, అదే సంగతి. విషయం తెలిస్తే భాష దానంతట అది దారిస్తుంది. రోజూ ఎడిటోరియల్, బిజినెస్ పేజీ చదవండి. బ్యాంకు పరీక్షలో వచ్చేవి ఎక్కువగా ఆ సంగతులే కదా.

మంచు_ఊరు:
అన్నా, మరి నాకు తెలిసిన ఆసుపత్రి పాసేజ్‌లోనే ఎందుకు పోయాయి?

పేపర్_చదివేవాడు:
అది మంచి ప్రశ్న. ఆలోచిస్తే నాకు ఇలా అనిపిస్తోంది. విషయం తెలియడం పాసేజ్ లోపలికి వెళ్లడానికి కావాలి. ఆప్షన్ పెట్టేటప్పుడు మాత్రం దాన్ని బయట పెట్టాలి. కాటన్ సంగతి తెలిసినవాడికి ఆ పేరా తొందరగా అర్థమవుతుంది, అ దగ్గర బోల్తా పడేదీ అతనే. నేను మొదటి సగమే చెప్పాను, రెండో సగం మీది.

మెట్లమీద_చదువు:
అందుకే నేను ప్రతి ఆప్షన్ పక్కన "ఎక్కడ?" అని రాసుకుంటాను. ఏ వాక్యంలో ఉందో చూపించలేకపోతే కొట్టేయడమే. అసంప్షన్ ప్రశ్నల్లో (రచయిత చెప్పకుండా ముందే అనుకున్నది అడిగేవాటిలో) ఇది సరిపోదు, ఎందుకంటే అక్కడ జవాబు పాసేజ్‌లో రాసి ఉండదు. దానికి ఆ ఆప్షన్‌ను తిరగేసి, అది అబద్ధమైతే రచయిత వాదన కూలుతుందా లేదా అని చూస్తాను. కూలితే అదే జవాబు. మాక్ అయ్యాక తప్పు పోయినవే కాదు, గుడ్డిగా పెట్టి కరెక్ట్ అయినవి కూడా మళ్లీ చూడు తమ్ముడూ. నాకు అసలు రంగు తెలిసింది అక్కడే.

పల్నాటి_ప్యాసింజర్:
మూడు వారాల తర్వాత వస్తున్నాను. ఉదయం ఒక పాసేజ్ గడియారం లేకుండా మాస్టారు చెప్పినట్టు చేస్తున్నాను. పైకి అంటుంటే మొదట్లో రూమ్మేట్ వింతగా చూశాడు, ఇప్పుడు వాడూ వింటున్నాడు. సాయంత్రం ఒకటి గడియారం పెట్టి. అప్పుడు పాసేజ్ ఒకసారి చదివి, వెంటనే కౌంటర్ అన్న చెప్పిన వరుసలో ప్రశ్నలు పడుతున్నాను. రెండు ఆప్షన్లు మిగిలితే "ఎక్కడ?" అని అడుగుతున్నాను. చూపించలేకపోతే వదిలేస్తున్నాను. నిన్నటి మాక్‌లో 8కి 6 పెట్టాను, 5 కరెక్ట్, 1 తప్పు. 4.75. టైమ్ మాత్రం ఇంకా 8 నిమిషాలు పడుతోంది. మనిషి స్వభావం, నైతికత అంటూ వచ్చే పాసేజ్‌లు ఇంకా కొరుకుడు పడట్లేదు.

మాస్టారూ, ఈరోజు ఉదయం పాసేజ్ రిజర్వ్ బ్యాంక్ గురించి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు (బ్యాంకులకు రిజర్వ్ బ్యాంక్ అప్పిచ్చే వడ్డీ రేటు) 4 నుంచి 6.5 శాతానికి పెంచడం మీద. నేను అనుకున్న మాటలు ఇవి. మొదటి పేరా: "ధరలు పెరిగాయి, అందుకే రేటు పెంచారు." రెండో పేరా: "రేటు పెంచితే అప్పులు భారమై ధరలు తగ్గుతాయి." సరిగ్గా ఉందా? రెండో పేరా మొదటి రెండు వాక్యాలు మక్కీకి మక్కీ తెలుగులో పెడుతున్నాను: "రేటు పెంచితే అప్పులు భారమవుతాయి, ఖర్చు తగ్గుతుంది, ధరలు దిగుతాయి. అయితే ఆ ఫలితం కనపడటానికి నెలలు పడుతుంది, అందరి మీదా ఒకేసారి పడదు."

కౌంటర్_నంబర్_3:
ఇది నేను రోజూ కౌంటర్ దగ్గర చూసేదే. రేటు పెరిగాక పాత ఇంటి లోన్ల ఈఎంఐ ఎందుకు మారింది, నాకు మారితే పక్కాయనకు ఎందుకు మారలేదు అని అడుగుతూనే ఉండేవారు. ఫ్లోటింగ్ రేటు ఉన్నవాళ్లకు మారుతుంది, ఫిక్స్‌డ్ ఉన్నవాళ్లకు మారదు. ఈ పాసేజ్ నాకు ఒక్క చదువులో ఎక్కేది. పేపర్ అన్న చెప్పింది నిజమే.

చాక్‌పీస్:
మొదటి పేరా బాగుంది. రెండోదానిలో నువ్వు అనుకున్న మాటల్లో "అయితే" లేదు బాబూ. నెలలు పడుతుందన్నది వదిలేశావు. ప్రశ్న దాని మీదే వస్తుంది. వేలు మళ్లీ అక్కడ పెట్టు, ఇంకోసారి అను.

పల్నాటి_ప్యాసింజర్:
"రేటు పెంచితే ధరలు తగ్గుతాయి, అయితే వెంటనే కాదు, అందరికీ ఒకేలా కాదు."

చాక్‌పీస్:
ఇప్పుడు ప్రశ్నలు తెరువు.