థెట్‌ఫర్డ్ కోట దిబ్బ: రాయి లేకుండా ఇన్నేళ్లు ఎలా నిలిచింది?

చెరువుకట్ట:
ముప్పై ఏళ్లు చెరువు కట్టల మీద పనిచేసి విరమించాను. ఇప్పుడు కేంబ్రిడ్జిలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. మొన్న ఆదివారం రైల్లో థెట్‌ఫర్డ్ అనే ఊరు వెళ్లాం, తూర్పు ఇంగ్లండ్‌లోదే. కోట అంటే బురుజులు ఊహించుకున్నాను. ఎదురైంది గడ్డి కప్పిన దిబ్బ, సుమారు 19 మీటర్ల ఎత్తు! మెట్లెక్కేసరికి మోకాళ్లు పట్టేశాయి. పక్కనే ఎత్తైన కట్టలు, కందకాలు. గోడ ఆనవాలే లేదు. ఒకటికి రెండు వాలు (అడుగు ఎత్తుకు రెండడుగుల వెడల్పు) ఇచ్చి దిమ్మిస కొట్టించిన మా కట్టలకే వానకు గండ్లు పడేవి. ఈ నిటారు దిబ్బ జారలేదెందుకు? పైన ఏముండేది?

నార్విచ్ నివాసి:
ఇలాంటి దిబ్బల మీద కొయ్య బురుజు, కింది ఆవరణ చుట్టూ దుంగల కంచె ఉండేవండీ. 1066లో ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్లు కొద్దిమందే. రాతికోటకు ఏళ్లు పడుతుంది, పైగా కొత్తగా పోసిన మట్టి రాతి బరువు మోయలేదు. అందుకే కందకం తవ్విన మట్టినే గుట్టగా పోసేవారు. ఆ దండయాత్రను బొమ్మలుగా చూపే పాత బాయూ కుట్టుచిత్రంలో, హేస్టింగ్స్ అనే చోట నార్మన్లు పోసిన దిబ్బను రంగురంగుల పట్టీలుగా కుట్టారు, పొరలుగా పోశారనడానికి అదొక సూచన. థెట్‌ఫర్డ్‌లో మీరు చూసిన కట్టలు ఇంకా పాతవి, ఇనుపయుగం నాటివి. వాటి లోపలే దిబ్బ పోశారు. 1173లో రెండో హెన్రీ రాజు ఆ కోటను పడగొట్టించాడు. కొయ్య పోయింది, దిబ్బ మిగిలింది. ఇక జారకపోవడం గురించి: అక్కడ తవ్వితే వచ్చేది సుద్ద. నీరు అందులోంచి ఇంకిపోతుంది. పైన గడ్డి వేళ్లు పట్టు ఇస్తాయి.

ఓరుగల్లు:
మా వరంగల్‌లోనూ రాతికోట బయట కందకంతో మట్టికోట ఉంది కదా. రెండూ ఒకటేనా?

చెరువుకట్ట:
ఓరుగల్లు గారూ, కందకం మట్టిని కట్టగా పోయడం వరకూ ఒకటే. మీ మట్టికోట ఊరి చుట్టూ తిరిగిన కట్ట, ఇది ఒక్కచోట పోసిన గుట్ట.
నార్విచ్ నివాసి గారూ, సుద్ద అనగానే గుర్తొచ్చింది. దిగేటప్పుడు మా మనవడి బూట్లకు తెల్లటి పొడి అంటింది, ఎక్కడిదోనని దులిపేశాను! నేను కట్టించినవన్నీ నీటిని ఆపే కట్టలు, బంకమట్టి తప్ప మరొకటి తట్టలేదు. ఇది నీటిని ఆపనక్కర్లేదు, వదిలేస్తే చాలు. ఈసారి కందకంలోకి దిగి చూస్తాను. తవ్విన గుంత అంత మట్టికి సరిపోతుందో లేదో అడుగులతో కొలిచి ఇక్కడే రాస్తాను.