చెల్లని రికార్డు ఐడీకి 400 (అడిగిన తీరే తప్పు) ఇవ్వాలా, 404 (అడిగింది దొరకలేదు) ఇవ్వాలా?

ప్రశ్న (నెల్లూరు నుంచి):

నమస్కారమండీ. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల నీటి పరీక్షల ఫలితాలను రైతులకు చూపించే వెబ్ అప్లికేషన్ ఒకటి నా చేతిలో ఉంది. సర్వర్‌కు నోడ్ మీద నడిచే ఎక్స్‌ప్రెస్ 4, డేటాబేస్‌గా పోస్ట్‌గ్రెస్ వాడుతున్నాం. రిపోర్టు లింకును ల్యాబ్ వాళ్లు వాట్సాప్‌లో పంపుతారు, దాని చివర రిపోర్టు ఐడీ ఉంటుంది, రైతు లాగిన్ అయి చూసుకుంటాడు. లాగ్‌లో మాత్రం ఐడీ ఉండవలసిన చోట ‘అన్‌డిఫైన్డ్’, ‘నల్’ (రెండింటికీ విలువ లేదని అర్థం), పదిహేనేసి అంకెల సంఖ్యలు కనిపిస్తున్నాయి. కొన్నింటికి 500 (సర్వర్‌లోనే లోపం) వెళుతోంది, కొన్నింటికి ఏ జవాబూ వెళ్లక పేజీ తిరుగుతూనే ఉంటోంది. ప్రతి రూటులో ట్రై-క్యాచ్ (ఎర్రర్‌ను పట్టుకునే కోడ్) పెట్టి, ఐడీని పార్స్‌ఇంట్‌తో సంఖ్యగా మార్చి, ఏది విఫలమైనా 404 ఇచ్చేస్తే సరిపోతుందా? లేక 400 ఇవ్వడం సబబా?

జవాబు (ఒంగోలు నుంచి):

పేజీ తిరుగుతూ ఉండిపోవడానికి కారణం ఐడీ కాదండీ. ఎక్స్‌ప్రెస్ 4లో ఎసింక్ ఫంక్షన్‌లో (ఫలితం తర్వాత వచ్చే పనిలో) పుట్టిన ఎర్రర్‌ను మనమే నెక్స్ట్ అనే ఫంక్షన్ ద్వారా ఎర్రర్ హ్యాండ్లర్‌కు అందించాలి, లేకపోతే జవాబే వెళ్లదు, 5వ వెర్షన్‌లో అది దానంతటదే హ్యాండ్లర్‌కు చేరుతుంది. నోడ్ 15 నుంచి ఎవరూ పట్టుకోని రిజెక్షన్ (ఎసింక్ పని విఫలం కావడం) ప్రాసెస్‌నే పడగొడుతుంది కాబట్టి, మీది పడిపోకుండా నడుస్తోందంటే ఎవరో ఒక లిజనర్ పెట్టి దాన్ని అణిచి ఉంచారేమో వెతకండి.

ఇక 500 సంగతి. పోస్ట్‌గ్రెస్ ఇంటీజర్ కాలమ్ 2147483647 దాటిన విలువనూ, అక్షరాలనూ ఒప్పుకోక ఎర్రర్ ఇస్తుంది. రికార్డు లేకపోతే మాత్రం ఎర్రర్ రాదు, వరుసలు సున్నా వస్తాయి, లేని వరుసలోంచి గుంట పేరు చదవబోయి మన కోడే బోర్లాపడుతుంది. ఈ రెండింటినీ ఒకే ట్రై-క్యాచ్‌లో కట్టి 404 అనేస్తే, డేటాబేస్ ఆగిపోయిన రోజు కూడా రైతుకు ‘రిపోర్టు లేదు’ అనే కనిపిస్తుంది, మీకేమో ఏ హెచ్చరికా రాదు. అందుకే ఐడీ రూపాన్ని రౌటర్ పారమ్‌లో (లింకులోని ఐడీ రూటు కంటే ముందు చేరే చోట) ఒక్కచోటే తనిఖీ చేసి, వరుస దొరికిందా లేదా అన్నది క్వెరీ తర్వాత విడిగా చూసుకొని, మిగిలిన ఎర్రర్లను 500 గానే పోనివ్వండి.

జవాబు (కందుకూరు నుంచి):

పై మాటతో ఏకీభవిస్తాను, కానీ పార్స్‌ఇంట్‌ను అసలు వాడవద్దని గట్టిగా చెబుతాను. అది ముందున్న అంకెలను తీసుకొని మిగతాది వదిలేస్తుంది. మా దగ్గర ల్యాబ్ వాళ్లు మళ్లీ చేసిన పరీక్షకు చీటీ మీద ‘4182-2’ అని రాస్తారు. రైతు దాన్ని అలాగే కొడితే పార్స్‌ఇంట్ 4182 అని తీసుకుంటుంది, పాత నీటి అమ్మోనియా విలువ కొత్తదన్నట్టు తెరమీదికి వస్తుంది. 500 వస్తే రైతు ఫోన్ చేసి అడుగుతాడు, ఇక్కడ అడగడానికి అతనికి అనుమానమే రాదు. మొత్తం అంకెలే ఉన్నాయా, పరిమితి దాటలేదా అని చూసి, కాకపోతే తిప్పి పంపడమే క్షేమం.

ప్రశ్న అడిగినవారు:

మళ్లీ చేసిన పరీక్షకు మా ల్యాబ్‌లోనూ అలాగే రాస్తారండీ! మరి లింకులో చివరి అంకె తెగిపోయి 418 అయితే? అది ఇంకొకరి రిపోర్టు కదా.

జవాబు (ఒంగోలు నుంచి):

దాన్ని ఏ రూపపు తనిఖీ పట్టలేదు. క్వెరీలోనే ఐడీతో పాటు లాగిన్ అయిన రైతు ఖాతాను కూడా షరతుగా పెట్టండి, వరుస రాకపోతే 404 ఇవ్వండి. ఉన్నదని బయటపెట్టడం ఇష్టం లేనప్పుడు 404 ఇవ్వవచ్చని 2022 నాటి హెచ్‌టీటీపీ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 9110 కూడా అంటుంది. 403 (అనుమతి లేదు) ఇస్తే ఆ నంబరుతో రిపోర్టు ఉందని మనమే చెప్పినట్టవుతుంది.

400, 404 తగాదాకు నేను పెద్ద విలువ ఇవ్వను. మనిషి తెరిచే లింకుకు 404 పేజీ, దానిపై ‘నంబరు సరిచూసుకోండి’ అన్న మాట చాలు. మీకు ఫోన్ యాప్ కూడా ఉంటే అది పిలిచే ఏపీఐలో రూపం చెడితే 400 ఇవ్వండి, పిలిచిన కోడ్‌లో తప్పుందని అప్పుడే తెలుస్తుంది. ‘అన్‌డిఫైన్డ్’ దాదాపు ఎప్పుడూ మన ఫ్రంటెండ్ పనే. సర్వర్ నుంచి ఐడీ రాకముందే లింకు కట్టేస్తున్న స్క్రీన్ ఏదో రెఫరర్ (ఏ పేజీ నుంచి వచ్చిందో చెప్పే వివరం) చూసి పట్టుకోండి.

జవాబు (కందుకూరు నుంచి):

ఎప్పుడైనా లాగిన్ తీసేసే ఆలోచన ఉంటే వరుస సంఖ్యల బదులు యూయూఐడీ (ఊహించడానికి వీల్లేని పొడవాటి ఐడీ) వాడండి. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి ఎక్స్‌టెన్షన్ లేకుండానే పుట్టించవచ్చు. అయితే రూపం చెడిన యూయూఐడీకీ పోస్ట్‌గ్రెస్ ఎర్రరే ఇస్తుంది కాబట్టి పారమ్‌లోని తనిఖీని మాత్రం తీసేయకండి.