బరువు, తిండి, క్యాన్సర్ భయం: అక్క విషయంలో ముందు ఏది మార్చాలి?

వేపచెట్టు_నీడ:

అక్కకి 54 ఏళ్లు. ఎత్తు 158 సెం.మీ., బరువు 71 కిలోలు. నెలసరి ఆగి మూడేళ్లయింది. షుగర్ లేదు గానీ స్కానింగులో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 అని రాశారు. చుట్టాల్లో ఒకావిడకి గర్భసంచి క్యాన్సర్ బయటపడ్డప్పట్నుంచీ ఇంట్లో ఒకటే హడావుడి. ఆవకాయ జాడీ అటకెక్కింది. పంచదార పోయి బెల్లం వచ్చింది. పొద్దున్నే పసుపు నీళ్లు, పైగా ఆన్‌లైన్‌లో కొన్న కర్క్యుమిన్ (పసుపు సారం) బిళ్లలు. బావ శనివారం బీర్లు మాత్రం యథాతథం. వీటిలో నిజంగా పనికొచ్చేవేవి, ఉత్త హైరానా ఏది? మాకు మూడు పూటలా అన్నమే. ముందు ఏది మార్చాలో వరసగా చెప్పండి.

కొలతబద్ద:

వరస అడిగారు కాబట్టి సూటిగా చెప్తాను. మీ అక్కగారి విషయంలో మొదటిది నడుము చుట్టుకొలత, చిట్టచివరిది ఆవకాయ.

71ని 1.58తో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందా అని చూసే కొలత) 28.4 వస్తుంది. 30 దాటితేనే ఊబకాయం అని చాలా చార్టుల్లో ఉంటుంది, అది చూసి ఊరుకోవద్దు. మన భారతీయులకు 23 నుంచే అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. నడుము అయితే ఆడవాళ్లకు 80 సెం.మీ., మగవాళ్లకు 90 దాటకూడదు.

నెలసరి ఆగాక అండాశయాల్లో ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను తయారీ దాదాపు ఆగిపోతుంది. అప్పట్నుంచి ఆ పని కొవ్వు చేతిలోకి వెళ్తుంది. కొవ్వు కణజాలంలో ఉండే అరోమటేజ్ అనే ఎంజైము ఒంట్లోని ఆండ్రోజెన్లను (పురుష హార్మోన్లను) ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. కొవ్వు ఎంతుంటే తయారీ అంత. దానికి పగ్గం వేసే ప్రొజెస్టెరాన్ అనే ఇంకో హార్మోను ఈ వయసులో ఉండదు కాబట్టి గర్భసంచి లోపలి పొర పెరుగుతూ పోయే అవకాశం ఉంది. పొట్ట చుట్టూ కొవ్వు వల్ల ఇన్సులిన్ కూడా ఎక్కువగా తిరుగుతుంది. అది కణాలను విభజన వైపు నెట్టడమే కాక, ఈస్ట్రోజెన్‌ను పట్టి ఉంచే ప్రొటీన్‌ను కూడా తగ్గిస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందున్న క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 2016లో, అధిక కొవ్వుతో ముడిపడ్డవి 13 రకాల క్యాన్సర్లని తేల్చింది. నెలసరి ఆగాక వచ్చే రొమ్ము క్యాన్సర్, పెద్దపేగు, కాలేయం, పిత్తాశయం, క్లోమం, మూత్రపిండం అందులోవే. అన్నిట్లోకీ బలమైన సంబంధం గర్భసంచి లోపలి పొర క్యాన్సర్‌ది: బీఎంఐ 40 దాటినవాళ్లలో ముప్పు సుమారు ఏడు రెట్లు. మీ అక్కగారు ఆ కోవలో లేరు, కానీ అదే దారిలో ఉన్నారు.

నడుము కొలిచేటప్పుడు చీర మీద, లంగా బొందు మీద టేపు పెట్టొద్దు. చివరి పక్కటెముక అంచుకూ, తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో, టేపు నేలకు సమాంతరంగా ఉండాలి. మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. బొందు కట్టే చోట కొలిస్తే మనిషికో రకంగా వస్తుంది, నెలనెలా పోల్చలేం. ఆరు నెలల్లో 5 నుంచి 7 శాతం బరువు, అంటే మూడున్నర నుంచి ఐదు కిలోలు తగ్గితే చాలు, కాలేయంలో కొవ్వు కరగడం మొదలవుతుంది. వారానికి అర కిలోకు మించి లాగొద్దు. కండ పోతుంది, తర్వాత బరువు వెనక్కొస్తుంది.

జొన్నకంకి:

పై లెక్కకి కంచం జత చేస్తాను. అన్నం మానక్కర్లేదు గానీ మూడు పూటలు రెండు పూటలవ్వాలి, పరిమాణం కూడా తగ్గాలి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2000 కేలరీల కంచానికి కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100, పప్పులు 85, ధాన్యాలు 250 గ్రాములు చెప్పారు. మన ఇళ్లలో కూరగాయలు సగం కూడా ఉండవు. అన్నం రెట్టింపుంటుంది. బరువు తగ్గాలి కాబట్టి మీ అక్కగారికి ధాన్యం ఇంకాస్త దిగాలి.

రోజుకి పచ్చి బియ్యం లెక్కలో 150 గ్రాములు (రెండు పూటల అన్నం). ఒక పూట 60 గ్రాముల జొన్నపిండితో రెండు రొట్టెలు. కందిపప్పు 40 గ్రాములు. నానబెట్టి ఉడికించిన శనగలు, నానకముందు బరువు 30 గ్రాములు. కూరలు 400 గ్రాములు: బెండ, చిక్కుడు, గోంగూర, తోటకూర. ఒక జామకాయ. పెరుగు 200 గ్రాములు, ఒక గుడ్డు, వీలైన రోజు 100 గ్రాముల చేప. ఇది మొత్తం 1500 కేలరీల దగ్గర ఆగుతుంది, ప్రొటీన్ 60 గ్రాములు దాటుతుంది.

పీచు చూడండి. తెల్ల బియ్యం 100 గ్రాముల్లో పీచు మూడు గ్రాములు కూడా లేదు. జొన్నల్లో పది, రాగుల్లో పదకొండు, శనగల్లో పాతిక, జామకాయలో ఎనిమిదిన్నర. పై కంచంలో దాదాపు 40 గ్రాములు వస్తుంది. పెద్దపేగు క్యాన్సర్ మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే రోజుకి అదనంగా తిన్న ప్రతి 10 గ్రాముల పీచుకీ ముప్పు పది శాతం దాకా తక్కువ కనిపించింది.

ఎక్కడ తప్పుతుందంటే, సోమవారం నుంచి అన్నీ ఒకేసారి మొదలెడతారు. బుధవారానికి కడుపుబ్బరం, శుక్రవారానికి మళ్లీ తెల్లన్నం. మొదటి వారం జొన్నరొట్టె ఒక్కటే మార్చండి, రెండో వారం శనగలు, ఆ తర్వాత కూర పెంచండి. నీళ్లు కూడా పెరగాలి. ఇంకో తప్పు నూనె. వేపుళ్లు, పోపులు అన్నీ కలిపి రోజుకి మనిషికి నాలుగు టీస్పూన్లు దాటొద్దు. కంటితో కొలవలేం కాబట్టి నెల సరుకుల్లోనే పట్టుకోవాలి: మనిషికి అర లీటరు, మహా అయితే 600 మి.లీ. నలుగురున్న ఇంట్లో ఐదు లీటర్ల క్యాన్ నెలాఖరుకి ఖాళీ అయితే ఎక్కడో లీకుందన్నమాట.

తిరగమాత:

హైరానాల సంగతి నేను చెప్తాను.

ఆవకాయని అటక దించండి. ‘పచ్చళ్లు క్యాన్సర్’ అన్న మాట పుట్టింది ఐఏఆర్‌సీ జాబితాలో ఆసియా సంప్రదాయ కూరగాయ పచ్చళ్లు 2బి వర్గంలో, అంటే ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అన్నవాటిలో, ఉండటం వల్ల. ఆ సాక్ష్యం ప్రధానంగా చైనా, జపాన్‌లలో ఉప్పునీళ్లలో పులియబెట్టేవాటి మీద వచ్చింది, నూనె కారంలో ఊరిన మామిడికాయ మీద కాదు. మన పచ్చడితో అసలు సమస్య ఉప్పు. ఆవపిండి, కారం, ఉప్పు సరిసమానంగా పోసే ఇళ్లు బోలెడు. ఉప్పు ఎక్కువైతే జీర్ణాశయం పొర దెబ్బతిని హెలికోబాక్టర్ బ్యాక్టీరియాకి పని సులువవుతుంది, జీర్ణాశయ క్యాన్సర్ ముప్పు అలా పెరుగుతుంది. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములే అని గుర్తుంటే, చిన్న చెంచా ఆవకాయ తిన్న పూట కూరలో ఉప్పు తగ్గించుకోవచ్చు.

బెల్లం, పంచదార కేలరీల్లో దాదాపు ఒకటే. పంచదార క్యాన్సర్‌కి మేత అన్నది అతి. ఒంట్లో మామూలు కణాలూ గ్లూకోజ్ వాడతాయి. తీపి వల్ల నష్టం బరువు ద్వారా వస్తుంది, బెల్లంతోనూ అదే నష్టం.

కర్క్యుమిన్ బిళ్లలు ఈరోజే ఆపేయించండి. కూరలో పసుపు వేరు, అది మామూలుగా వేసుకోవచ్చు. బిళ్లల్లో మోతాదు ఎక్కువ, ఒంటికి పట్టడానికని మిరియాల సారం కూడా కలుపుతారు. అలాంటివాటితో కాలేయం దెబ్బతిన్న కేసులు ఇటలీ, అమెరికాల్లో నమోదయ్యాయి. పైగా ఆవిడకి ఫ్యాటీ లివర్ ఉంది. బిళ్లలతో క్యాన్సర్‌ని ఆపాలన్న ప్రయత్నం ఎదురు తిరిగిన సందర్భమూ ఉంది: ఫిన్లాండ్‌లో పొగతాగేవాళ్లకి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది. ఫలితాలు 1994లో వచ్చాయి. క్యారెట్ తింటే ఆ గొడవ లేదు.

ఎవరూ భయపడని ఒకటి చెప్తా: బూజు పట్టిన వేరుశనగ. ఆ బూజు వదిలే అఫ్లటాక్సిన్ అనే విషం కాలేయ క్యాన్సర్‌కి రుజువైన కారణం, హెపటైటిస్ బి కూడా తోడైతే ముప్పు గుణించుకుంటూ పోతుంది. వేయిస్తే పూర్తిగా పోదు. చట్నీకి పప్పులు వేయించే ముందు పళ్లెంలో పరచండి. ముడుచుకుపోయినవి, నల్లబడ్డవి, పచ్చటి బూజున్నవి, చేదుగా తగిలేవి ఏరి పారేయండి. బూజు తీసేసి తినడం కాదు, పారేయడమే. కొన్న చోటు నుంచే చెమ్మ వాసనొస్తే ఆ సంచీ మొత్తం వద్దు.

సాసేజ్, సలామీ, బేకన్ ఐఏఆర్‌సీ ఒకటో వర్గంలో, అంటే రుజువైన క్యాన్సర్ కారకాల్లో, ఉన్నాయి (2015). రోజుకి 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం ఎక్కువ. మీ ఇంట్లో అవి లేకపోతే వదిలేయండి. బజ్జీల నూనె ఒకసారి కాచాక వడకట్టి, రెండ్రోజుల్లో పోపులకి వాడేయండి, మళ్లీ బాణలిలో పోసి వేయించొద్దు.

సముద్రతీరం:

బావగారి బీర్ల దగ్గర అందరూ మర్యాదగా తప్పుకున్నారు.

650 మి.లీ. స్ట్రాంగ్ బీరు, 8 శాతం ఉంటే 41 గ్రాముల ఆల్కహాల్. రెండు సీసాలంటే 82. 30 మి.లీ. విస్కీ పెగ్గులో ఉండేది 10 గ్రాములే. అంటే శనివారం ఒక్క రాత్రే ఎనిమిది పెగ్గులు. ‘బీరే కదా’ అన్న మాట ఈ లెక్క ముందు నిలబడదు. ఆల్కహాల్ ఒంట్లో అసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారి డీఎన్‌ఏని దెబ్బతీస్తుంది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్లకి ఇది రుజువైన కారణం. ఇంత తాగితే ఫరవాలేదనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది. కల్లుకీ ఇదే వర్తిస్తుంది, చెట్టు నుంచి దిగిందని మినహాయింపు లేదు.

దాంతోపాటు సిగరెట్టో గుట్కానో ఉంటే నోరు, గొంతు ముప్పు కూడిక కాదు, గుణకారం. పొగాకు లేని వక్కపొడి కూడా క్యాన్సర్ కారకమే. ఉత్తరాంధ్ర తీరంలో పెద్దవయసు ఆడవాళ్లు కొందరు ఇప్పటికీ అడ్డపొగ తాగుతారు. చుట్ట నిప్పున్న కొస నోట్లో ఉంటుంది కాబట్టి పుండు పైఅంగిట్లో లేస్తుంది, అద్దంలో కనపడదు. ఇంట్లో అలాంటివాళ్లుంటే తల వెనక్కి వంచి టార్చి వేసి చూడండి. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలకి మానని పుండు, మూడువేళ్లు నిలువుగా పట్టనంత బిగిసిన నోరు, వీటిలో ఏదున్నా డెంటల్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.

వేపచెట్టు_నీడ:

అందరికీ ధన్యవాదాలు. బిళ్లలు ఆపించాను. రెండు సందేహాలు. అక్కకి మోకాళ్ల నొప్పులు, నడక అంటే భయం. ఇంకోటి, ఆమధ్య రెండుసార్లు కొంచెం మరక కనిపించిందట. వేడి చేసిందని మజ్జిగ తాగి ఊరుకుంది. ఇది చెప్పాల్సిన విషయమేనా?

కొలతబద్ద:

నేను పైన చెప్పిన వరస చెల్లదు. ఇప్పుడు మొదటిది ఇదే. ఈ వారంలోనే గైనకాలజిస్టుకి చూపించండి.

నెలసరి ఆగి ఏడాది దాటాక చుక్క కనిపించినా అది రక్తస్రావం కిందే లెక్క. ఎక్కువమందిలో పొర పలచబడటమో, పాలిప్ (లోపల పెరిగిన చిన్న కండ) ఉండటమో తేలుతుంది, కంగారు పడొద్దు. కానీ గర్భసంచి క్యాన్సర్ తొలిదశలోనే ఇచ్చే సంకేతం కూడా ఇదే, అప్పుడు పట్టుకుంటే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. యోని ద్వారా చేసే స్కానింగులో లోపలి పొర మందం చూస్తారు. 4 మి.మీ. దాటితే ముక్క తీసి పరీక్షకి పంపుతారు. 4 లోపే ఉన్నా మరక మళ్లీ కనిపిస్తే ముక్క పరీక్ష అడగండి. పాప్ స్మియర్ నార్మల్ వచ్చిందని ఎవరైనా ధైర్యం చెబితే ఆగిపోవద్దు, అది ప్రధానంగా గర్భాశయ ముఖద్వారానికి చేసే పరీక్ష. మరక కనిపించిన తేదీలు, వాడుతున్న మందులు, ఆ కర్క్యుమిన్ డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి.

జొన్నకంకి:

ముందు అది చూపించండి. మోకాళ్లకి: చేతుల్లేని గట్టి కుర్చీని గోడకానించి, చేతులు గుండెల మీద కట్టుకుని లేచి కూర్చోవడం, ఎనిమిది సార్లు, రెండు విడతలు, రోజు విడిచి రోజు. ఎత్తు తక్కువ కుర్చీ అయితే మోకాలికి భారం, దిండు వేసి పెంచండి. నడక ఒకేసారి 40 నిమిషాలు అక్కర్లేదు. ప్రతి భోజనం తర్వాత పది నిమిషాలు సమతలంగా ఉన్న నేల మీద నడిస్తే వారానికి 210 నిమిషాలు అవుతుంది, కావాల్సింది కనీసం 150. మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత వేగం ఉండాలి. అదీ కుదరకపోతే ఇంట్లో తొక్కే సైకిల్ వాడొచ్చు, సీటు ఎత్తు పెడలు కిందికెళ్లినప్పుడు మోకాలు కొంచెం మాత్రమే వంగేలా ఉండాలి.