నలుగురు ఉకులేలే వాళ్లు ఒకేసారి వాయిస్తే కచేరీ అవుతుందా, పోటీ అవుతుందా?

సాయినగర్ మిత్రుడు:
వచ్చే నెల అనంతపురంలో ఒక సాయంత్రం కచేరీ పెడుతున్నాం. బెంగళూరు నుంచి నలుగురు ఉకులేలే (చిన్న గిటార్ లాంటి వాద్యం) కళాకారులు వస్తున్నారు. నలుగురూ చేయి తిరిగినవాళ్లే. చిక్కు ఏమిటంటే మాలో మాకే పడటం లేదు. మొదటి నుంచి చివరిదాకా అందరూ కలిసే వాయించాలని కొందరు, తలా అరగంట ఇచ్చి ఆఖర్న ఒక్క పాట కలిసి వాయిస్తే చాలని కొందరు. మీరేమంటారు?

టవర్‌క్లాక్ కుర్రోడు:
ఇందులో ఆలోచించేదేముంది అన్నా? కలిసే వాయించాలి. బ్రిటన్‌లో ఉకులేలే ఆర్కెస్ట్రా 1985 నుంచి అదే పని చేస్తోంది. 2009లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ప్రామ్స్ అనే సంగీత ఉత్సవంలో కూడా వాయించారు. ఒక్కొక్కరిని విడిగా వినాలంటే యూట్యూబ్ ఉంది కదా, టికెట్ కొని రావడం దేనికి?

పాతూరు శ్రోత:
తమ్ముడూ, వాళ్ల దారి వేరు. అక్కడ పాట, హాస్యం, వాద్యం అన్నీ పంచుకుంటారు. ఒకరు స్వరం పట్టుకుంటే ఇంకొకరు తాళం చూసుకుంటారు. నా వేళ్ల వేగం చూడండి అని ఎవరూ ముందుకు దూకరు.

ఇక్కడ వచ్చేది నలుగురు సోలో వాళ్లు. ఉకులేలేకి ఉన్నవి నాలుగే నైలాన్ తీగలు. మామూలు శ్రుతిలో అవి నాలుగూ ఒక్క స్థాయిలోనే ఇరుక్కుని ఉంటాయి. పైగా మీటిన నాదం చప్పున ఆరిపోతుంది. అందుకే ఆరితేరినవాళ్లు ఖాళీ కనపడకుండా వేళ్లు పరిగెత్తిస్తారు. ఉకులేలే కళాకారుడు జేక్ షిమాబుకురోకి 2006లో ఇంటర్నెట్‌లో అంత పేరు తెచ్చిన వీడియో చూడు. న్యూయార్క్ పార్కులో రాయి మీద ఒక్కడే కూర్చుని పాట, తోడు స్వరాలు, దరువు అన్నీ ఆ చిన్న పెట్టెలోంచే తీశాడు. ఒక్కడే అంతా నింపేసే విద్య అది. అలాంటివాళ్లను నలుగురిని పక్కపక్కన కూర్చోబెడితే చెవికి చోటెక్కడ?

ఇంకో మాట. గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) పలకని ఈ పరాయి బొమ్మ వాద్యానికి మన ఊళ్లో ఇంత హడావుడి అవసరమా అని కూడా నా అనుమానం.

వీణ టీచర్:
పరాయిది అన్నారు కాబట్టి చెప్తున్నాను. 1879లో మదైరా దీవి నుంచి హవాయి చేరిన పోర్చుగీసు వలసదారులు తెచ్చిన చిన్న తంత్రీవాద్యమే అక్కడ ఉకులేలే అయింది. హవాయికీ అది బయటి నుంచి వచ్చిందే. మన వయొలిన్ మాత్రం ఎక్కడిది? పాలకొల్లు శ్రీనివాస్ గారు మాండొలిన్‌కి ఉండే జంట తీగలు వదిలేసి, ఐదు ఒంటి తీగలతో కర్ణాటక సంగీతం పలికించారు.

అయితే గమకం విషయంలో మీ మాట చాలావరకు నిజం. నైలాన్ తీగను పక్కకు లాగితే స్వరం కొంచెమే పైకి వెళ్తుంది. గమకాల మీదే నడిచే తోడి రాగం అడగొద్దు, పాపం! మోహన రాగం అడగండి. తీగలను జి, సి, ఇ, ఎ అంటారు. సి తీగను షడ్జమం (స) అనుకుంటే నాలుగు తీగలూ ఊరికే మీటినా స, గ, ప, ద వస్తాయి. మోహనంలో రిషభం ఒక్కటే మిగిలింది. జి తీగ మార్చి మంద్రంలో పలికేది వేసుకుంటే మంద్ర పంచమం (కింది ప) నుంచి తార పంచమం (పై ప) దాకా పది మెట్లలోపే దొరుకుతుంది. మన కృతులు చాలావాటికి అంతకన్నా ఏం కావాలి?

టవర్‌క్లాక్ కుర్రోడు:
అక్కా, అదిరింది! పాతూరు అన్నా, నలుగురూ ఒకే సైజు తెస్తారని ఎవరు చెప్పారు? సొప్రానో, కన్సర్ట్, టెనర్, బారిటోన్ అని ముఖ్యంగా నాలుగు రకాలున్నాయి. బారిటోన్ అన్నిటికన్నా పెద్దది, దానికి గిటార్‌లో సన్నవైపు నాలుగు తీగల శ్రుతే. అది కింద నిలబడితే మిగతావాళ్లకు పైన కావలసినంత చోటు.

పాతూరు శ్రోత:
సరే, ఆ బారిటోన్ ఎవరు పట్టుకుంటారు? మన పెళ్లి మేళంలో శ్రుతి పట్టే ఆయన ఆ పనికే వస్తాడు. ఇక్కడ నలుగురూ సన్నాయి ఊదడానికే వస్తున్నారు. రెండు గంటలు వెనక కూర్చుని తోడు స్వరాలు వేయడానికి ఎవరు ఒప్పుకుంటారో చెప్పు.

మైక్ సెట్ మామ:
మీ వాదనలు బాగున్నాయి గానీ నా గోల వినండి. పోయినేడు ఓ కాలేజీ ఫంక్షన్‌లో ఒక్క ఉకులేలేకి సౌండ్ చేశాను. స్టేజీ లైట్ల వేడికి ప్రతి పాట తర్వాత ఆ పిల్లాడు ఆగి, తల దగ్గర తగిలించుకున్న ట్యూనర్ చూసుకుంటూ మరలు తిప్పుతూనే ఉన్నాడు. జనం ఫోన్లు తీశారు. నలుగురంటే ఆ గ్యాప్ ఎంతవుతుందో లెక్కేసుకోండి. ఒకరు ట్యూన్ చేసుకునేటప్పుడు ఇంకొకరు వాయించేలా వరుస వేయండి. ఫ్యాన్లు ఫుల్ స్పీడ్‌లో పెడితే మైకులో గాలి తప్ప ఏమీ వినపడదు, అదీ గుర్తుంచుకోండి.

సాయినగర్ మిత్రుడు:
ఇప్పుడే ఫోన్ చేశాను. మూడు టెనర్లు, ఒక బారిటోన్ తెస్తున్నారట. బారిటోన్ పాటకొకరు చొప్పున మార్చుకుంటారట, పాతూరు సార్ ప్రశ్నకు అదీ జవాబు. మామ మాట విని ముందు ఇద్దరిద్దరుగా, చివరి నలభై నిమిషాలు నలుగురూ అనుకున్నాం. మోహనం సంగతి చెప్తే ఒకాయన అప్పుడే ఫోన్‌లో మీటి వినిపించారు.

పాతూరు శ్రోత:
ఇద్దరిద్దరైతే వస్తా. నలుగురూ మొదలుపెట్టగానే బయట ఉగ్గాణి బజ్జీ బండి దగ్గర ఉంటా.

టవర్‌క్లాక్ కుర్రోడు:
ముందు వరుసలో నడిమధ్య సీటు నీకే పెట్టిస్తాన్నా. అందరి కాళ్లూ దాటుకుని ఎట్లా లేచిపోతావో చూస్తా.